ఫొటోలో మనిషి

సండూరు కొండలు తగలబడుతుంటే బళ్లారికి ఊపిరాడటం లేదు.

ఆసుపత్రి వరండా పొడుగునా దగ్గేవాళ్ల వరుస. లోపల ఆవిరి పెట్టే మిషన్ ఒక్కటే.

గురునాథ్ తన తల్లి రామలక్ష్మమ్మను భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆమె ఊపిరి తీస్తుంటే ఈల వినిపిస్తోంది. అతనికి ఒళ్లు మండిపోతోంది. ఇన్నేళ్లూ గనుల నుంచి ఇనుపరాయి లారీలు తిప్పి ఊరికి దుమ్ము పట్టించిన మనిషే. అయినా ఇవాళ గాలంతా తన సొంతమైనట్టు మాట్లాడుతున్నాడు.

"తారానగర్ యల్లప్ప" అని నర్సు పిలిచింది.

వాళ్ల ముందున్న మనిషి లేచాడు. చేతులకు కట్లు, కాలిపోయిన కనుబొమలు.

గురునాథ్ గబుక్కున ఫోన్ తీశాడు. పొద్దున్నుంచి ఊళ్లో అందరి ఫోన్లలో తిరుగుతున్న ఫొటో. మండుతున్న కొమ్మ ఎత్తి పట్టుకున్న మనిషి. కింద 'కొండకు నిప్పు పెట్టింది వీడే' అని రాసి ఉంది.

అదే మొహం.

"ఇది నువ్వే కదా?"

యల్లప్ప చూసి తలూపాడు. ఏదో చెప్పబోయాడు. పొగ తిన్న గొంతు పెగల్లేదు.

"కొండ తగలబెట్టి, ఈడికొచ్చి మాకంటే ముందు ఆవిరి పట్టించుకుంటాండావా? మా యమ్మ సస్తాంటే నేను సూస్తా కూర్చోవాల్నా?"

అంతే, వరండా అంతా లేచింది. నిలబడటానికి ఓపిక లేదన్నవాళ్లకు తోయడానికి మాత్రం బలం వచ్చింది. ఒకడు చొక్కా పట్టుకున్నాడు, ఇంకొకడు సిగ్గు లేకుండా వీడియో తీశాడు. నర్సు వద్దు వద్దంటున్నా ఎవరూ వినలేదు.

యల్లప్ప ఒకసారి రామలక్ష్మమ్మ వంక చూశాడు. ఆమెను తీసుకెళ్లమన్నట్టు లోపలికి చెయ్యి చూపించి, బయటికి నడిచాడు.

ఆమెకు ఆవిరి పెట్టారు. ఈల తగ్గింది. గురునాథ్ ఏదో గెలిచినట్టు కూర్చున్నాడు.

కాసేపటికి అటవీ శాఖలో పనిచేసే హేమ మందులు తీసుకుని వచ్చింది. యల్లప్పను ఆసుపత్రికి తెచ్చింది ఆమే. ఆయన ఎక్కడని అడిగితే, తరిమేశామని గురునాథ్ ఫొటో చూపించాడు.

ఆమె బయటికి పరుగెత్తింది. నర్సూ వెళ్లింది, గురునాథూ వెళ్లాడు.

యల్లప్ప గేటు పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. నర్సు నాడి పట్టి చూసి, అందకపోవడంతో అతని చెయ్యి మెల్లగా ఒళ్లో పెట్టేసింది.

హేమ గొంతు పెంచలేదు.

"ఈ ఫొటో తీసింది నేనే సార్. మనుషుల్ని పంపండని ఆఫీసుకు పెట్టినా. కింద ఆ మాట రాసింది ఎవరో నాకు తెలీదు. మంట మీదికొస్తే జీతాలు తీసుకునేటోళ్లమంతా దిగి పరిగెత్తినాం. కొండ కిందున్న తారానగర్ మీదికి రాకుండా, నిప్పంటుకున్నా ఆ పచ్చికొమ్మ వదలకుండా, దాంతోనే మంటను కొట్టి ఆర్పతా నిలబడింది ఈయనొక్కడే."