పాత కొట్టు మర్యాద

ముక్కుకు గుడ్డ కట్టుకుని కోడలు పెట్రోలు ట్యాంకు తుడుస్తోంది. బయట పెడితే దొంగలెత్తుకుపోతారని అది పడకగది మూలలోనే ఉంటుంది. ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే వాసన, దిండు మీద తల వాల్చినా అదే వాసన. జిడ్డు తుడిచి, మూత తిప్పి, మూత మీది చిన్న స్క్రూ కూడా బిగించి, పైన గోనెపట్టా కప్పింది. బోటుకి మోటారు కొన్న దగ్గర్నుంచీ రోజూ ఇదే పని.

"ఛీ! వెధవ మోటారు!" అంటూ మొగుడు చెప్పులు గుమ్మంలోనే విసిరికొట్టాడు.

"మళ్ళీ ఆగిందా?" అంది అత్త.

"నిన్న బడిపిల్లలందరూ బోటులో ఉండగా, సరిగ్గా నది మధ్యలో. ఇప్పుడే హెడ్మాస్టరు పిలిచి చెప్పాడు. ఇంకోసారి ఆగితే పిల్లల్ని దాటించే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడట."

దగ్గరి రేవుకైతే ఆ మోటారు బాగానే పోతుంది. బడి ఉన్న అవతలి ఒడ్డు దూరం. అక్కడికి బయల్దేరితేనే మొరాయిస్తుంది. అతను మూత తీసి పెట్రోలు చూస్తాడు. ఉంటుంది. మూత పెట్టి తాడు లాగితే ఏమీ జరగనట్టు అందుకుంటుంది. ఈలోగా బోటు ప్రవాహంలో ఎటో కొట్టుకుపోతూ ఉంటుంది, పిల్లలు ఏడుస్తూ ఉంటారు.

"దీన్ని అమ్మిన ఆ కొట్టువాడికి సిగ్గు లేదమ్మా. ఒకసారి ప్లగ్గంటాడు, ఒకసారి కార్బురేటరంటాడు, ప్రతిసారీ డబ్బు గుంజుతాడు."

"పెద్దాయన్ని ఏమీ అనకు. మీ తాత నాటి కొట్టు అది."

"బూజు కూడా తాత నాటిదే."

"నోరు ముయ్యరా. పాత కొట్టు మర్యాద పాత కొట్టుదే. మోటారు అమ్మేసి చేతులు దులుపుకున్నాడా? పనిగట్టుకుని ఇంటికొచ్చాడు. ట్యాంకు ఎక్కడ పెట్టాలో, ఎలా పెట్టాలో దగ్గరుండి చూపించి వెళ్ళాడు. ఈ రోజుల్లో ఎవడు చేస్తాడు?"

ఆ ఇంట్లో కోడలు మాట్లాడేది తక్కువ.

మోటారుని తోపుడుబండి మీద వేసుకుని మొగుడూ పెళ్ళాం కొట్టుకి వెళ్ళారు. ట్యాంకు తీసుకెళ్ళలేదు. "అది మోసుకురావడం ఎందుకు, మా దగ్గర ఉందిగా" అని పెద్దాయన మొదట్లోనే చెప్పాడు.

కొట్టు నేల మీద నల్లటి జిడ్డు చెప్పులకి బంకలా అంటుకుంటోంది. బల్ల మీది టీ గ్లాసుల్లో నూనె తెట్టు తేలుతోంది. గోడ మీద పెద్దాయన తండ్రి ఫొటో, తాత ఫొటో. వాటి నిండా ఈగల మరకలు. బెంచీ మీద చేపల వ్యాపారి, ఇసుక పడవవాడు అప్పటికే కూర్చుని ఉన్నారు.

"ఏంటి, నీదీ అదేనా?" అన్నాడు చేపల వ్యాపారి.

"పావుగంట పరిగెడుతుంది, చచ్చిపోతుంది."

"అచ్చం నాదీ అంతే! ఇక్కడుంటే గుర్రం, నీళ్ళలోకి దిగితే గాడిద."

"నాది గాడిద కూడా కాదు, శవం," అని ఇసుక పడవవాడు పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"మరి వేరే కొట్టుకి పోవచ్చుగా?" అన్నాడు మొగుడు.

"మా ఆవిడ పోనివ్వదు," అన్నాడు ఇసుక పడవవాడు. "ఇంటికొచ్చి మరీ అన్నీ చూపించి వెళ్ళాడు, పెద్దాయన ఎంత మంచివాడో అంటుంది."

పెద్దాయన లోపల్నుంచి వచ్చాడు. తెల్లచొక్కా, మరక లేని చేతులు. పనివాడి చేత మోటారుని నీళ్ళ డ్రమ్ముకి బిగింపించి, కొట్టు ట్యాంకు తగిలించి తాడు లాగించాడు. మోటారు హాయిగా తిరిగింది.

"చూశావా అబ్బాయ్, ఎంత బుద్ధిగా ఉందో!"

"మీ డ్రమ్ములో బుద్ధిగానే ఉంటుంది. నా బోటులో పిల్లలుంటారు పెద్దాయనా! రేపు హెడ్మాస్టరునీ, వీళ్ళిద్దరినీ వెంటబెట్టుకొస్తా. అందరి మోటార్లూ నదిలోనే చూద్దాం. మీరూ ఎక్కండి."

పెద్దాయన నవ్వు ఒక్క క్షణం ఆగింది.

"అంత గొడవెందుకు? సాయంత్రం నేనే మీ ఇంటికొస్తా."

అన్నట్టే వచ్చాడు. మోటారు వైపు చూడనైనా లేదు. నేరుగా పడకగది మూలకి వెళ్ళి, గోనెపట్టా తీసి, మూత మీది స్క్రూ పైన వేలు పెట్టాడు.

"ఇదీ రోగం. ఇది బిగిస్తే ట్యాంకులోకి గాలి పోదు. గాలి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. మోటారు ఆగక ఏం చేస్తుంది? బోటెక్కగానే దీన్ని వదులు చెయ్యాలి. ఎవరు బిగిస్తున్నారిది?"

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు పెళ్ళాం వైపు చూశాడు.

"నేనే," అంది కోడలు. "వాసన వస్తోందని..."

కాలికి ఏదో అశుద్ధం అంటుకున్నట్టు చూశాడు మొగుడు. "ఛీ! నీ ముక్కు కోసం అంతమంది పిల్లల్ని ముంచబోయావా?"

"పెద్దమనిషిని ఎన్ని మాటలు అనిపించావే!" అంది అత్త.

"క్షమించండి పెద్దాయనా. దొంగ కొట్టని ఊరంతా చెప్పుకుంటున్నాను. ఇకనుంచి తప్పు మీది కాదని నేనే చెప్తా."

"పోనీలే అబ్బాయ్. చిన్నపిల్ల, తెలీక చేసింది. ఏమీ అనకండి."

అత్త ఆయనకి కుర్చీ వేసి, టీ ఇచ్చి, "మీ మనసు వెన్న" అంది.

కోడలు చేతిలో ఇంకా ఆ జిడ్డుగుడ్డ ఉంది. తల పైకెత్తి పెద్దాయన కళ్ళలోకి చూసింది. ఆయన గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది. టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టి, సంచీ చంకలో పెట్టుకుని గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

ఆ స్క్రూ బిగించడం ఆమెకు నేర్పింది ఆయనే.