బొమ్మ కింద వనభోజనం

కార్తీకమాసం కదా, మా కాలనీవాళ్లమంతా చిత్రశాలకు వనభోజనాలకు వెళ్లాం. ఊళ్లో ఉసిరిచెట్లు మిగల్లేదు. అందరూ అక్కడి ఉసిరిచెట్టు బొమ్మ కిందే గంటసేపు బుక్ చేసుకుని తింటారు. గోడలోంచి చల్లగాలి, ఆకుల చప్పుడు కూడా వస్తాయి.

వంగిన ఆ కొమ్మను చూడగానే గుర్తుపట్టాను.

విస్తర్లు వేస్తూ మా అమ్మాయి హిమజ అడిగింది. "ఈ చెట్టు ఎక్కడిది నాన్నా?"

"ఏ అడవిదో అమ్మా."

"అడవేంటి సత్యమూర్తీ? మన గేటు పక్కదే," అంది పొరుగింటి రాజ్యలక్ష్మి పిన్నిగారు. "ఛార్జింగ్ స్టేషన్ కోసం నువ్వు కొట్టించే ముందురోజు కూర్చుని గీశాను."

హిమజ నా మొహంలోకి చూసి తల తిప్పేసుకుంది.

తినేముందు కాలనీ అధ్యక్షుడు చెట్టుకు పసుపు, కుంకుమ పెట్టి మొక్కాలి. పిన్నిగారు పళ్లెం నా చేతికిచ్చింది.