గుమ్మానికి వేపమండలు

జ్యోతిక గుమ్మానికి కట్టి ఉన్న వేపమండలను పట్టి గుంజేసింది.

"అత్తమ్మా, గిది అమ్మోరు పోసుడు కాదని ఎన్నిసార్లు చెప్పాలె? మన పాపకు డౌన్ సిండ్రోమ్ ఉన్నది కదా. అట్ల పుట్టిన పిల్లల్ల కొందరికి రక్తంల తెల్లకణాలు మస్తు పెరిగి, మొఖం మీద ఇట్ల చీముపొక్కులు ఒస్తయంట. పొక్కులు వాటంతటవే పోతయంట గని, రక్తం మాత్రం ఇయ్యాల్నే పరీక్ష చేయించాలన్నది డాక్టరమ్మ. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు తీస్కపోతున్న. అడ్డం రాకు."

సైదమ్మ ఒడిలోని మనవరాలిని ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"అమ్మోరు కాదని నాకెరుకే," అంది మెల్లగా.

"మరెందుకు కట్టినవ్?"

"వేపాకు చూస్తే ఎవ్వరు గడప దాటి రారు బిడ్డా. పిల్ల మొఖం చూసి తలా ఒక మాట అనరు."

జ్యోతిక చేతిలోని మండలను మూలకు విసిరేసింది. "గింత నామోషీనా అత్తమ్మా? మన పిల్లను మనమే దాస్తమా?"

సైదమ్మ పాపను కోడలి చేతికిచ్చి, చెప్పులు వేసుకుని వెంట నడిచింది.

ఇద్దరూ మెట్లు దిగుతుంటే ఇంటి ఓనరమ్మ ఎదురొచ్చింది.

"ఏదీ, పాపను జర చూడనియ్యిన్రి."

జ్యోతిక చెయ్యి, తనకు తెలియకుండానే, చుట్టిన తువ్వాలు అంచును పాప ముఖం మీదికి లాగింది.

సైదమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది. రెండో చేత్తో తువ్వాలును మెల్లగా వెనక్కి తీసింది.

"దగ్గరికొచ్చి చూడమ్మా," అంది ఓనరమ్మతో. "అమ్మోరు కాదు. నా మనవరాలు."