కదలకూడని గంట

మూడో రోజుకే అశోక్ పారిపోదామనుకున్నాడు.

ధ్యాన శిబిరం పది రోజులు. ఫోన్లు లేవు, మాటల్లేవు, సైగలు కూడా లేవు. అంతవరకూ ఎలాగో ఓర్చుకున్నాడు. మూడో రోజు నుంచి ‘అధిష్ఠానం’ మొదలుపెట్టారు. అంటే గంటసేపు కాలూ చెయ్యీ కదపకుండా పట్టుబట్టి కూర్చోవాలి.

పదో నిమిషానికి మోకాళ్ళు బూతులు తిట్టడం మొదలుపెట్టాయి. ఇరవయ్యో నిమిషానికి ముక్కు మీద దోమ వాలింది. బోధివృక్షం కింద దోమలుండేవా? ఉంటే బుద్ధుడు ఏం చేసుంటాడు? అశోక్ మాత్రం ఫట్‌మని కొట్టాడు. హాలంతా ఉలిక్కిపడింది.

వెళ్ళిపోవచ్చు. కానీ ఇంట్లో హేమశ్రీ ఉంది. పెందుర్తిలో బస్సెక్కుతుంటే భార్య అన్న మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి.

“నువ్వా? పది రోజులా? సినిమాలో ఇంటర్వెల్ దాకా కుదురుగా కూకోలేవు. సిగరెట్లు మానీసేనన్నావు, జిమ్ముకెల్తానన్నావు. ఇది కూడా మధ్యలో వదిలీసి వచ్చేవంటే నాను మా అమ్మోలింటికి పోతాను. నవ్వకు, నిజంగానే సెప్తన్నాను.”

అయితే అసలు అతన్ని ఆపింది పక్క వరుసలోని గళ్ళచొక్కా మనిషి.

మొదటి రోజు ఆ మనిషి హాల్లోకి వచ్చి ఏదో అడగబోయాడు. వాలంటీరు శ్రీరామ్మూర్తిగారు పెదాల మీద వేలుంచి, ఖాళీగా ఉన్న మెత్త చూపించారు. అంతే. కూర్చున్నాడు. మళ్ళీ నోరు విప్పలేదు.

వైరాగ్యమంటే ఆయనదే. పది రోజులూ అదే చొక్కా. సాయంత్రం ఉతుక్కుని, తెల్లారి తడిదే తొడుక్కునేవాడు. అందరూ కళ్ళు మూసుకుంటే, ఆయన మాత్రం ఎదురుగా ఉన్న తెల్లటి సిమెంటు బుద్ధుడి ముఖంకేసి రెప్పవేయకుండా చూసేవాడు. దోమలు కూడా ఆయన జోలికి పోయేవి కావు.

ఆరో రోజు అశోక్ సంచి సర్దుకుని గేటు దాకా వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూస్తే, కిటికీలోంచి గళ్ళచొక్కా కనిపించింది. సిగ్గేసి వెనక్కొచ్చాడు.

తొమ్మిదో రోజు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా కదల్లేదు. గంట మోగింది. అయినా కదల్లేదు.

పదో రోజు మౌనం వీడగానే హాలు చేపలబజారైపోయింది. శ్రీరామ్మూర్తిగారు గళ్ళచొక్కా మనిషికి దండం పెట్టి, “ఇంత పట్టుదల నేనెక్కడా చూడలేదు నాయనా” అన్నారు.

అశోక్ పరుగున వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడ్డాడు.

“స్వామీ, మీరు లేకపోతే నాను మూడో రోజే ఎలిపోదును. నా కాపురం నిలబెట్టేరు. ఇది మీకు ఎన్నో శిబిరమండీ?”

ఆ మనిషి కంగారుగా కాళ్ళు వెనక్కి తీసుకుని, గొంతు సవరించుకున్నాడు.

“శిబిరమేటి బావా, నాను ఆటోనగర్‌లో లారీలకి బొమ్మలేసే నాగబాబుని, ఈ బుద్ధుడికి కళ్ళు ఎయ్యమంటే వచ్చేను, ఎయ్యడానికి ముందు ఇలాగ కూకోడం మీ నియమమేమో అనుకున్నాను గానీ, ఇంతకీ నిచ్చెన ఎక్కడెట్టేరు?”