సీసాలావిడ

బాబుకు నాలుగో నెల వచ్చేసరికే రెండుసార్లు ఆస్పత్రిలో చేర్చారు. రెండుసార్లూ ఛాతీలో కఫమే.

మూడోసారి ఆ మంచం ఎక్కనివ్వనని తల్లి పంతం పట్టింది.

"సీసాలావిడ వచ్చింది," అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఆస్పత్రి నుంచి ప్రతి మంగళవారం వస్తుంది. బాబు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం పాటు ఊపిర్లు లెక్కపెడుతుంది. వెళ్తూ చిన్న సీసాడు చనుబాలు అడుగుతుంది. పరిశోధనకట.

"నా పాలకు వంక పెట్టడానికేగా?"

"వంక కాదమ్మా. జబ్బును అడ్డుకునే గుణం ఒక్కో తల్లి పాలలో ఒక్కోలా ఉంటుంది. మన అమ్మల నుంచి మనకొచ్చేదే అది, ఎవరి తప్పూ కాదు. ముందే తెలిస్తే బిడ్డను ఇంకాస్త కనిపెట్టుకుని ఉండొచ్చు."

"మా పుట్టింట్లో అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు లెండి."

అన్నదే గానీ, లోపలికెళ్లి సీసాలో డబ్బాపాలు కలిపి తెచ్చింది. లోపం తనదని తేలితే అత్తగారి ముందు తలెత్తుకోలేనని భయం.

ఆవిడ సీసాను వెలుతురులో తిప్పి చూసింది. "వచ్చే వారం మళ్లీ వస్తా," అంది.

అలా ఆరు వారాలు గడిచాయి.

ఏడో మంగళవారం ఆవిడ రాలేదు. బాబు డొక్కలు ఎగరేస్తున్నాడు. తల్లే గడియారం తీసి లెక్కపెట్టింది. అరవై నాలుగు. యాభై దాటకూడదని ఆవిడ ఎప్పుడూ అనేది.

ఇక పరువూ లేదు, పాడూ లేదనుకుంది. సీసాలోకి తన పాలే పిండి, బాబును భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది.

"సరైన వేళకు తెచ్చావు. గండం తప్పింది," అంది డాక్టరమ్మ, బాబుకు ఆక్సిజన్ పెట్టించి. "ఊపిర్లు లెక్కపెట్టడం ఎక్కడ నేర్చుకున్నావు?"

"సీసాలావిడను చూసి. ఆరు వారాలూ ఆవిడకు డబ్బాపాలే పోసిచ్చానండీ. ఇవి నావి. ఆవిడెక్కడ?"

డాక్టరమ్మ సీసా అందుకుంది.

"మీ ఇంటి నుంచి మాకు ఒక్క సీసా కూడా రాలేదు. ఎందుకని అడిగితే, తానే మీ ఇంటికి వెళ్లలేదంది. నిన్ననే పైవాళ్లు పనిలోంచి తీసేశారు."

తల్లి బాబు మంచం పక్కనే నేల మీద కూర్చుంది.

"ఆవిడను వెనక్కి పిలిచేదాకా నేనిక్కడి నుంచి కదలను. అవి డబ్బాపాలని ఆవిడకు తెలుసా?"

"తెలియకేం," అంది డాక్టరమ్మ మెల్లగా. "మేం ఈ పని మొదలుపెట్టిన ఏడాది, మాకు సీసాలో డబ్బాపాలు పోసిచ్చి, ఆ చలికాలమే బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆవిడే."