రంపపు పొట్టు

"మిషన్ ఆపండయ్యా!" గుమ్మంలోంచే కేకపెట్టింది అక్క.

ఎవరూ ఆపలేదు. తమ్ముడి చూపుడువేలు తెగిపడి గంటయినా కాలేదు, అదే రంపం మిషన్‌తో మరొకతను పలకలు కోస్తున్నాడు. ఆమె గబగబా వెళ్లి గోడకున్న ప్లగ్గు పీకేసింది. బ్లేడు మూలుగుతూ తిరిగి తిరిగి ఆగింది.

"ఏమ్మా, ఇది నీ ఇల్లనుకున్నావా?" ఓనరు గదిలోంచి ఊడిపడ్డాడు.

"మా తమ్ముడి వేలు కావాలి సార్. తొందరగా తెస్తే అతికిస్తామన్నారు డాక్టరుగారు."

"వాణ్ణి ఆసుపత్రికి పంపింది నేనే. ఇప్పుడు వేలు కూడా నేనే వెతికిపెట్టాలా?"

ఆయన్ని మరీ రాతిగుండె మనిషి అనుకోకండి. పాపం, సాయంత్రానికి సరుకు పంపాలి! అందుకే నెత్తుటి మీద పొట్టు చల్లించి, అంతా మూలకి ఊడ్పించి, పని మళ్లీ మొదలుపెట్టించాడు.

అక్క చూపు మిషన్ మీద పడింది. బ్లేడు చెక్కలోంచి బయటికి రాగానే దానంతటదే జారి పళ్లను కప్పేయాల్సిన గార్డు పైకెత్తే ఉంది. జారకుండా సందులో ఎవరో చెక్కముక్క దోపారు.

"ఈ ముక్క ఎవరు పెట్టారు?"

"ఇంకెవరు, మీవాడే! గార్డు అడ్డొచ్చి పని సాగట్లేదట. చెప్తే వింటాడా, మొండిఘటం!"

"మరి ఈయన కోస్తుంటే ఎందుకు తీయించలేదు?"

ఓనరు ఆ మాట విననట్టే, "మీవాడికి ముందు మా షెడ్డులో ఎవరికీ చీమ కుట్టింది లేదు," అన్నాడు. పలకలు కోస్తున్నతను తల దించుకున్నాడు.

ఒళ్లు మండిపోయింది ఆమెకి. కానీ పోట్లాడుతూ కూర్చుంటే అక్కడ తమ్ముడి చెయ్యి చెయ్యి కాకుండా పోతుంది. పళ్లు బిగబట్టి పొట్టుకుప్ప ముందు కూలబడింది. గుప్పెడు గుప్పెడూ తీసి నలిపి చూసింది. పేళ్లు గోళ్లలోకి దిగాయి. చేతికి గట్టిగా తగిలిన ప్రతిదీ చెక్కముక్కే అయింది. కోతపనివాడు వచ్చి పక్కన కూర్చుని తనూ వెతికాడు.

అడుగున, ఆమె చేతికే దొరికింది. మెత్తగా, చల్లగా ఉంది. పొట్టు అంటుకుని ముద్దలా ఉన్న దాన్ని సరిగ్గా చూసే ధైర్యం లేక, కళ్లు సగం మూసుకునే తడిగుడ్డలో చుట్టి, కవర్లో వేసి, తెచ్చుకున్న ఐసుడబ్బాలో పెట్టింది.

"చెల్లెమ్మా, అది ఒక్కసారి..." అన్నాడు కోతపనివాడు.

ఓనరు దగ్గాడు.

"ఏం లేదమ్మా. వెళ్లు, ఆలస్యమవుతుంది," అని అతను లేచి ప్లగ్గు పెట్టుకున్నాడు.

ఆసుపత్రిలో తమ్ముడు కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని వసారాలోకే చూస్తున్నాడు. "దొరికిందా అక్కా?"

"దొరక్క చస్తుందా? నీకన్నా మొండిదాన్నిరా నేను!" నవ్వబోయి ఏడ్చేసింది. వాడూ నవ్వాడు, పొద్దుట్నుంచీ మొదటిసారి.

డాక్టరు డబ్బా తీసుకుని లోపలికి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొచ్చాడు. ఆమెను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీరు తెచ్చింది బొటనవేలు. మీ తమ్ముడి బొటనవేళ్లు రెండూ చేతులకే ఉన్నాయి. ఇది ఎవరిదమ్మా?"