వెనక ఇంకొకరు

"వెనక ఇంకొకరున్నారు!"

కేక వినపడగానే లోర్నా కుక్కను బాట పక్కకు లాగి, దాని పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. కేకేసిన గ్రేడీ అనే కుర్రాడి సైకిల్ మలుపు తిరిగి, వాళ్ళ దగ్గర నెమ్మదించి, బురద తొక్కుకుంటూ కిందికి దిగిపోయింది.

ఆ కొండ బాట ఇరుకు. సైకిళ్ళవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు అందరూ దానిమీదే సర్దుకోవాలి. అందుకే ముందొచ్చే సైకిలతను తన వెనక ఎంతమంది వస్తున్నారో మలుపు దగ్గర కేకేసి చెబుతాడు. ఆఖరున వచ్చేవాడు "నేనే చివర" అంటాడు. ఆ మాట వినేదాకా నడిచేవాళ్ళు పక్కన ఆగుతారు. ఇదెక్కడా రాసిపెట్టిన చట్టం కాదు, మర్యాద.

పది నిమిషాలు గడిచినా ఎవరూ రాలేదు. నవంబరు మొదలైతే ఈ పసిఫిక్ తీరాన వాన వదలదు. దేవదారు కొమ్మల మీంచి నీళ్ళు లోర్నా మెడలోకి కారుతున్నాయి. కుక్క హ్యూగో కూడా విసుగెత్తి మూలిగింది.

కింది నుంచి పరిగెత్తుకుంటూ వచ్చిన స్నేహితురాలు బెర్నిస్ ఆమెను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మళ్ళీ నిలబడ్డావటే?"

"ఇంకొకరున్నారన్నాడు."

"రోజూ అంటాడు, రోజూ ఎవరూ రారు. నిన్ను ఆటపట్టిస్తున్నాడే పిచ్చిమొహమా!"

"ఒకవేళ వస్తే?"

"ఎవరొస్తారే, ప్రధానమంత్రా? పోయిన నెల నేనూ ఇలాగే ఆగాను. మోకాళ్ళు బిగుసుకుపోయి మూడు రోజులు మెట్లెక్కలేకపోయాను."

బెర్నిస్‌కు పరుగు కన్నా ఫిర్యాదులంటే ఇష్టం. గంట లేని సైకిళ్ళ మీద, పట్టీ లేని కుక్కల మీద, చెవుల్లో పాటలు పెట్టుకుని నడిచేవాళ్ళ మీద ఆమె రాసిన ఉత్తరాలతో బాటల సంఘంవారి బీరువా నిండిపోయింది. ఇప్పుడు జేబులోంచి ఇంకొకటి తీసింది.

"సంతకం పెట్టు. అబద్ధపు కేకలతో జనాన్ని నిలబెడుతున్నాడని రాశాను. రెండు సంతకాలుంటే చాలు, అతన్ని ఈ కొండెక్కనివ్వరు."

"నేను పెట్టను."

"ఏం, నీకు చుట్టమా?"

"కాసేపు నిలబడితే మనకేం పోయింది, బెర్నిస్?"

"నీ మంచితనంతో చస్తున్నాను తల్లీ!" అని బెర్నిస్ విసవిసా వెళ్ళిపోయింది.

వారం తిరగకుండానే ఒక పొద్దున గ్రేడీ సైకిలెక్కకుండా, దాన్ని నడిపించుకుంటూ పైనుంచి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. కళ్ళ కింద నిద్రలేని నలుపు. లోర్నాను చూడగానే హెల్మెట్ తీశాడు.

"లోర్నా గారూ, మీరు సంతకం పెట్టలేదట."

"పెట్టలేదు బాబూ."

"బెర్నిస్ గారి ఆయన పెట్టారు లెండి. రేపటి నుంచి నన్నిక్కడికి రావద్దన్నారు సంఘంవాళ్ళు. వాళ్ళ తప్పేం లేదు. లేని మనిషి కోసం ఎంతకాలమని ఆగుతారు?"

అడక్కముందే అతనే చెప్పాడు.

"రెండేళ్ళ కిందట మా తమ్ముడు వెస్లీ ఈ మలుపులోనే పోయాడు. నేను ముందు, వాడు వెనక. కిందికెళ్ళి ఎంతసేపు చూసినా రాలేదు. వెనక్కొచ్చి చూస్తే ఆ చెట్టు మొదట్లో పడున్నాడు."

"విన్నాను" అంది లోర్నా. అప్పట్లో పేపర్లో కూడా వచ్చింది.

"జింక అడ్డొచ్చుంటుంది, గట్టిగా బ్రేకు పట్టి చెట్టుకి కొట్టుకున్నాడన్నారు. ఏది అడ్డొచ్చిందో నాకక్కర్లేదండీ. నేనారోజు కేకేశానా లేదా? అదొక్కటే కావాలి. ఎంత తన్నుకున్నా గుర్తురాదు. వాన పడుతోంది, ఇంటికి పోవాలన్న తొందర... 'తమ్ముడు వెనకున్నాడన్న సంగతే మర్చిపోయి పరిగెత్తావు కదరా' అంటుంది అమ్మ. అప్పట్నుంచి నా మొహం చూసి మాట్లాడదు. కేకేశానని తెలిస్తే చాలు, అమ్మ ముందు నిలబడగలను. తెలియదు కాబట్టే ఇప్పుడు ఒక్కసారి కూడా మానను. పిచ్చని నాకూ తెలుసు."

కొడుకు వయసువాడు కళ్ళెదుట అలా నీరైపోతుంటే లోర్నా చూడలేకపోయింది.

"కేకేసే ఉంటావు బాబూ" అంది.

"మీకెలా తెలుసు?"

లోర్నా నోరు తెరిచింది. హ్యూగో పట్టీ లాగుతుంటే దాన్ని మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకుంది.

"అంత అలవాటైన పని... ఒక్కరోజు ఎలా తప్పుతుంది?" అంది చివరికి.

గ్రేడీ పొడిగా నవ్వాడు. "అందరూ అదే అంటారండీ, ఓదార్చడానికి."

హెల్మెట్ మళ్ళీ పెట్టుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఈ కొండ మొత్తం మీద మా వాడి కోసం ఆగింది మీరొక్కరే. అది చెప్పి పోదామనే వచ్చాను. అయ్యో, ఇలా వణుకుతున్నారేంటి? చలి ఎక్కువైంది, ఇంటికెళ్ళండి."

అతను సైకిల్ నడిపించుకుంటూ దిగిపోయాడు. పేరు పెట్టి పిలిస్తే వినపడే దూరంలోనే చాలాసేపు కనిపించాడు. లోర్నా పిలవలేదు.

వెస్లీ పోయిన రోజు అతను కేకేశాడు, లోర్నాయే ఆగలేదు.